అంకెలను ఎండబెట్టిన మేడమ్

మా మేడమ్ పోయారు. మార్చి నెలలో, ఆఫీసంతా వచ్చే ఏడాది ప్లాను ముందేసుకుని తలలు పట్టుకున్న రోజుల్లో, ఒక పొద్దున వాళ్లాయన ఫోన్ చేశారు. "పాపా, మీ మేడమ్ నిద్దట్లోనే పోయింది" అన్నారు. ఏం మాట్లాడాలో తోచక నేను, "ప్లానుకింకా తాళం వేయలేదు సార్" అన్నాను. అంత దుఃఖంలోనూ ఆయన కొంచెం ఆగి, "ఆ ముక్క తెలిసింటే ఆగుండేదేమో" అన్నారు. ఆ తర్వాత ఫోనుకు అటొకరం, ఇటొకరం ఏడ్చాం.

ఆమె గురించి ఏడుస్తూ రాస్తే ఆమెకు నచ్చదు. ఆఫీసులో ఎవరైనా మొహం వేలాడేసుకుంటే, "ఏమప్పా, బస్సు పోయిందా?" అని అడిగే మనిషి. కాబట్టి ఆమె ఎలా ఉండేవారో అలాగే రాస్తాను.

మాది టమాటా గుజ్జు, వేరుశనగ నూనె తయారు చేసే ఒక మోస్తరు కంపెనీ. పెద్ద ఆఫీసు కర్నూలులో. పత్తికొండ, మైదుకూరు, బద్వేలు లాంటి చోట్ల రైతుల దగ్గర సరుకు తీసుకునే కేంద్రాలున్నాయి. వచ్చే ఏడాది ఏ కేంద్రం ఎంత సరుకు కొనాలి, లారీ బాడుగలకెంత, కూలీలకెంత అని ముందుగా వేసుకునే లెక్కే మా ప్లాను. ఆ ప్లానింగ్ విభాగానికి మేడమ్ పెద్ద. నేను మైదుకూరు నుంచి డిగ్రీ పట్టా పట్టుకుని వచ్చి ఆమె కింద చేరాను. ఆమె రిటైరయ్యాక ఆ కుర్చీ నాకు ఇచ్చారు. కుర్చీని మాత్రం మార్పించుకున్నాను, ఆమెది కదిలితే చాలు కిర్రుమనేది.

చేరిన మొదటి రోజే ఆమె నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. నేర్పడానికని అసలు ప్లానుకు ఒక నకలు పెట్టుకునేవారు. దాన్ని తెరిచి, "పాపా, ఇది బోర్డు ఒప్పుకున్న ప్లాను అనుకో. తాళం ఏసినాము. ఏదన్నా ఒక అంకె మార్చు చూద్దాం" అన్నారు. పేరు పక్కన చిన్న తాళం గుర్తు ఉంది. నేను ఎక్కడ నొక్కినా సాఫ్ట్‌వేర్ కుదరదంటోంది.

"మారదు మేడమ్."

"మారదా?" అని ఆమె ఇంకో పట్టిక తెరిచారు. అందులో లారీ బాడుగ రేటును కొంచెం పెంచారు. "ఇప్పుడు చూడు పాపా."

తాళం గుర్తు అలాగే ఉంది. బద్వేలు కేంద్రం ఖర్చు మాత్రం పెరిగి కూర్చుంది.

"చూసినావా? తాళం ఏసినకాడనే ఉండాది. అంకె మాత్రం కిటికీలోంచి దూకి పాయె!" అంటూ, నా మొహం చూసి కుర్చీ కిర్రుమనేలా నవ్వారు.

సంగతేమిటంటే, ప్లానులో మనకు కనపడే అంకెల్లో చాలా వాటి వెనుక లెక్కలుంటాయి. బాడుగ ఖర్చు అంటే ట్రిప్పులెన్ని, ట్రిప్పుకెంత అనే గుణకారం. ఆ ట్రిప్పు రేటు అందరూ వాడుకునే ఒక పట్టికలోంచి వస్తుంది. ప్లానుకు తాళం వేసినా ఆ పట్టికకు వేయలేం, రేట్లు ఏడాది పొడుగునా మారుతూనే ఉంటాయి కదా. అక్కడ రేటు మారగానే, తాళం వేసిన ప్లాను కూడా లోపల్లోపల మళ్లీ లెక్క కట్టుకుంటుంది. ఏడాదంతా ఏ కేంద్రం బాగా నడిచింది, ఏది హద్దు మీరింది అని ఆ ప్లానుతోనే పోల్చి చూస్తారు. ఆ ప్లానే కదిలిపోతే ఇంక ఎవరు హద్దులో ఉన్నారో దేవుడికే తెలియాలి.

"అందుకే ఎండబెట్టాల పాపా" అన్నారు మేడమ్. లెక్కలన్నీ తీసేసి, వాటివల్ల వచ్చిన అంకెలను మాత్రమే మిగిల్చి, ఆ తర్వాత తాళం వేయాలి. దీనికి సాఫ్ట్‌వేర్ వాళ్లకు వాళ్ల పేరేదో ఉంది. మా ఆఫీసులో మాత్రం ఇవాళ్టికీ ఎండబెట్టడమే. వెనుక లెక్క ఉంటే పచ్చి అంకె, లెక్క తీసేస్తే ఎండిన అంకె. "పచ్చి పిండిని డబ్బాలో పోసి మూత బిగిచ్చినావనుకో. మూత శానా గట్టిగానే ఉంటాది. లోపల బూజు పడ్తాది" అనేవారు.

ఆ మాట ఆమెకు ఆఫీసులో పుట్టింది కాదు, మిద్దె మీద పుట్టింది. కర్నూలు ఎండలు మొదలవగానే ఆమె మిద్దె మీద పాత చీరలు పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టేవారు. మాకు ప్లాను తాళం పడేదీ ఆ రోజుల్లోనే. గాజులకు పిండి అంటుకుని ఉండగానే ఆఫీసుకు వచ్చి, "ఈడ ఒక పచ్చి, ఆడ ఒక పచ్చి. నా బతుకంతా ఎండకు కాపలా" అని నవ్వేవారు. ఎండిన వడియాలు స్టీలు డబ్బాల్లో మా అందరి ఇళ్లకూ చేరేవి. డబ్బా మాత్రం కడిగి తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే వచ్చే ఏడు వడియాలుండవు.

ఆమెది పత్తికొండ దగ్గర ఒక చిన్న పల్లె. తాతల కాలం నుంచీ చర్చికి వెళ్లే కుటుంబం, కొంచెం మెట్ట భూమి. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాళ్ల వరసలో ముందు నిలబడేవారు. ఆ పాటలే మిగతా రోజుల్లో మా ఆఫీసులో వినపడేవి. సాఫ్ట్‌వేర్ ఏదైనా పెద్ద లెక్క కడుతున్నప్పుడు, ఆమె కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టి, చెప్పులు విడిచి, కాళ్లు కుర్చీ మీద మడిచి పెట్టుకుని సన్నగా పాడుకునేవారు. పాట సాగుతోందంటే పని సజావుగా ఉన్నట్టు. ఆగిందంటే మేమంతా తలలెత్తి చూసేవాళ్లం.

కంపెనీ ఎండీ గారొక్కరు తప్ప అందరూ ఆమెకు "ఏమప్పా"నే. హైదరాబాదు నుంచి సాఫ్ట్‌వేర్ పెట్టడానికి టై కట్టుకుని వచ్చిన ఆయన్ని కూడా అలాగే పిలిచారు. మొదట ఆయన ముఖం మాడ్చుకున్నాడు. తిరిగి వెళ్లేనాటికి టై సంచిలో ఉంది, ఇంకో చేతిలో వడియాల డబ్బా ఉంది.

తాళం వేసే రోజు మా ఆఫీసులో పండగ. కేంద్రాలు చూసేవాళ్లందరూ కర్నూలు రావాల్సిందే. మేడమ్ ఒక్కో కేంద్రం అంకెలను పైకి చదివి, "ఇది నీదేనా అప్పా?" అని అడుగుతారు. ఆ మనిషి అందరి ముందూ "నాదే" అనాలి. ఇదంతా ఎందుకు, మెయిల్ పెడితే పోదా అని ఒకసారి అడిగాను. "కంటితో చూసింది మనిషి మర్చిపోతాడు పాపా. నోటితో నాదే అన్నది మర్చిపోడు" అన్నారు. అందరూ "నాదే" అన్నాక, ఒక్కో కేంద్రాన్నీ వరసగా ఎండబెట్టి, తాళం వేసి, వీధి చివర బండి నుంచి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించేవారు.

ఒక ఏడు ఆ బజ్జీలే మా కొంప ముంచబోయాయి.

ఆ సంవత్సరం వర్షాలు బాగా కురిసి పత్తికొండ వైపు టమాటా విరగ కాసింది. అలా కాస్తే ఏమవుతుందో ఈ సీమలో చెప్పనక్కర్లేదు. మార్కెట్లో ధర పడిపోయి, రైతులు టమాటాలను రోడ్డు పక్కన పారబోసి ఖాళీ బాక్సులతో ఇళ్లకు పోతారు. మా కేంద్రం మాత్రం ముందే ఒప్పుకున్న ధరకు సరుకు తీసుకుంటుంది కాబట్టి, దాన్ని నమ్ముకున్న రైతులు ఒడ్డున పడ్డారు. టమాటా ఏరే ఆడవాళ్లకు రోజూ కూలీ దొరికింది. సరిగ్గా అప్పుడే, పత్తికొండ కేంద్రం బాడుగలకు ప్లాను మించి ఖర్చు పెడుతోందని, దాన్ని మూసేసి దళారుల దగ్గర కొనడం మేలని పై నుంచి మాట వచ్చింది. బోర్డు సమావేశానికి తేదీ కూడా పెట్టేశారు.

ఆ కేంద్రం చూసే ఆయన్ని మేమంతా పత్తికొండన్న అంటాం. అన్ని కేంద్రాల ప్లాను అంకెలున్న కాగితం పంపగానే ఆయన ఫోన్ చేశాడు. మేడమ్ స్పీకర్‌లో పెట్టారు.

"మేడమ్, ఇది నా అంకె కాదు."

"తాళం ఏసినాక అంకె ఎట్ల మారుతాదప్పా? ఎండకు తిరిగి తిరిగి నీకు తల తిరుగుతాంది. మజ్జిగ తాగి పండుకో పో."

"నాకేం తిరగల్యా మేడమ్. తాళం నాడు మీరు చదివినప్పుడు, బాడుగ మైదుకూరు కంటే నాకే ఎక్కువుండె. నీకు రెండు లారీలు ఎక్కువిచ్చినారు, బజ్జీలు నువ్వే ఇప్పియ్యాల అని మైదుకూరాయన నన్ను ఎగతాళి చేసినాడు. ఇప్పుడు చూస్తే నాదే తక్కువుండాది. నేను నాదే అన్నది దీనికి కాదు మేడమ్."

"సరేలేప్పా, చూస్తా" అని ఆమె నవ్వుతూనే ఫోన్ పెట్టేశారు. పాట అందుకున్నారు. నాలుగు మాటలు పాడి ఆపేశారు. మేమంతా తలలెత్తాం.

"పాపా," అన్నారు మెల్లగా, "ఆ పొద్దు బజ్జీలు ఎప్పుడొచ్చినాయి?"

అప్పుడు నాకూ వెలిగింది. ఆ ఏడు బండాయన తొందరపడి ముందే వచ్చేశాడు. ఎండబెట్టే వరసలో ఆఖరిది పత్తికొండ. వేడి బజ్జీల వాసన రాగానే మేడమ్‌తో సహా అందరం లేచిపోయాం. తిరిగొచ్చి ఆమె "అన్నీ అయినాయి గదా?" అంటే, నిండు నోళ్లతో అందరం "ఊఁ" అన్నాం. ఆమె తాళం వేసేశారు. నడి ఏడాదిలో కొత్త లారీల ఒప్పందంతో బాడుగ రేటు తగ్గింది. ఎండిన కేంద్రాల ప్లాను కదలలేదు. పచ్చిగా ఉన్న పత్తికొండ ప్లాను మాత్రం ఆ తగ్గిన రేటుతో ఏడాది మొత్తాన్నీ మళ్లీ లెక్క కట్టుకుంది. పాత రేటుకు పాపం ఆయన అప్పటికే తోలిన లారీలన్నీ ప్లాను మించిన ఖర్చుగా తేలాయి.

కంప్యూటర్లు చూసే కుర్రాయన తేలిగ్గా తీసుకున్నాడు. "తాళం తీసి, పాత అంకె పెట్టి, మళ్లీ వేసేస్తే అయిపోతుంది కదా మేడమ్. ఎవరికీ తెలియదు."

"అదే గదప్పా భయం, ఎవురికీ తెలీదు" అన్నారామె. "ఈ పొద్దు మంచికి తెరుస్తాము. రేపు ఇంకోడు వాని మంచికి తెరుస్తాడు. పైగా పత్తికొండ నా ఊరి పక్కది. నా ఊరోల్ల కోసం దిద్దినా అంటారు. పోయి చెప్పొస్తాం పా."

బోర్డు సమావేశానికి ఆమె వెనుక ల్యాప్‌టాప్ మోసుకుంటూ నేను వెళ్లాను. ఆమె చేతిలో మాత్రం స్టీలు డబ్బా ఉంది. అది వడియాల కాలం కాదు. ఇంట్లో మిగిలిన ఎండు వడియాలు కొన్ని, ఆ పొద్దునే ఉడికించి పెట్టిన పచ్చివి కొన్ని తెచ్చారు. పెద్దలందరూ కూర్చున్న బల్ల మీద మూత తీశారు. ఎండీ గారు అలవాటు కొద్దీ చెయ్యి పెట్టబోయారు.

"సార్, తినొద్దండి. ఇరిచి చూడండి."

ఆయన ఎండినదాన్ని తీసి విరిచారు. టప్‌మంది. పచ్చిదాన్ని తీసి విరవబోతే వంగి, సాగి, వేళ్లకు అంటుకుంది. ఆయన జేబురుమాలుతో తుడుచుకుంటుండగా మేడమ్ అసలు విషయం చెప్పారు. రేటు ఎప్పుడు మారింది, దానితో పాటు పత్తికొండ ఎలా కదిలింది, మిగతావి ఎందుకు కదల్లేదు, అన్నీ తెర మీద చూపించారు. మిగతా కేంద్రాలన్నీ మళ్లీ పరీక్షించానని, ఇదొక్కటే పచ్చిగా మిగిలిందని అన్నారు.

"ఎవరి పొరపాటమ్మా ఇది?" అని ఒక డైరెక్టరు గారు గట్టిగా అడిగారు.

"నాదే సార్. బజ్జీలొచ్చినాయని లేచిపోయినా."

ఎండీ గారు జేబురుమాలు మడిచి పెట్టుకుంటూ, "ఏం బజ్జీలు?" అన్నారు.

"మిరపకాయ బజ్జీలు సార్."

ఆయన ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. పాత రేటుతో లెక్క కట్టి, తాళం నాడు చదివిన అంకెనే అందరి ఎదుటా తిరిగి పెట్టించారు. దానితో పోల్చి చూస్తే పత్తికొండ హద్దులోనే ఉంది. మూసే మాట అక్కడితో ముగిసింది. ఆ కేంద్రం ఇవాళ్టికీ నడుస్తోంది. ఈ సీజన్లో కూడా దాని ముందు ట్రాక్టర్లు వరస కట్టాయి.

ఆ గట్టిగా అడిగిన డైరెక్టరు గారు మాత్రం నవ్వలేదు. ఆ ఏడు మేడమ్‌కు రావాల్సిన పెద్ద ఉద్యోగం ఇంకొకరికి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె దగ్గర కూర్చుని అందరినీ తిట్టాను. అంతా విని, "పోనీలే పాపా. ఆ గదిలో ఏసీ ఎక్కువ, నాకు జలుబు చేస్తాది. పత్తికొండ ఉండాది గదా" అన్నారు. ఆ మాటలో నొప్పి లేదని నేననను. కానీ అంతకంటే ఎక్కువ సంతోషం ఉంది. అది నేను కళ్లారా చూశాను.

ఆ తర్వాత రెండు నియమాలు వచ్చాయి. ఒకటి, తాళం పడేదాకా బజ్జీల బండి మా వీధిలోకి రాకూడదు. రెండోది, ఎండబెట్టాక కదిలించి చూడాలి. అంటే రేట్ల పట్టికలో లారీ బాడుగను కావాలని ఆకాశానికి ఎత్తేసి, ప్లాను కదులుతుందేమో చూడాలి. కదలకపోతే రేటును మళ్లీ మామూలుగా పెట్టి, అప్పుడు తాళం. ఆఫీసు మొత్తం గుమిగూడి, ఏమీ జరగని తెరను ఊపిరి బిగబట్టి చూడటం బయటివాళ్లకు పిచ్చిగా ఉంటుంది. ఏమీ జరగలేదని తేలగానే మేడమ్ చప్పట్లు కొట్టేవారు. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ బజ్జీల కథ ఆమే చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ కథలో బజ్జీలు ఇంకాస్త పెద్దవయ్యేవి.

భూస్థాపన రోజు చర్చి నిండిపోయింది. ఆమె నిలబడే వరసలో ఆమె చోటు వదిలేసి పాడారు. నాకు ఆ పాటల్లో సగం వచ్చు, ఆఫీసులో విని విని. పత్తికొండన్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, చివరి వరకూ నిలబడ్డాడు.

సమాధి దగ్గర నుంచి ఆమె ఇంటికి వచ్చాక, వాళ్ల సారుకు ఏదో గుర్తొచ్చి చప్పున లేచారు. "మిద్దె మీద ఒడియాలు ఉండాయి. మొన్న పెట్టింది" అన్నారు. సారు, పత్తికొండన్న, నేను పైకెక్కాం. ఆమె పాత ఆకుపచ్చ చీర పరిచి ఉంది. నాలుగు మూలలా రాళ్లు. మధ్యలో తెల్లగా, వరసలు తప్పకుండా వడియాలు. ఆమె వేళ్ల గుర్తులు కొన్నిటి అంచుల్లో ఇంకా కనపడుతున్నాయి. సారు చీర మూల పట్టుకుని, "తీసేద్దామా?" అన్నారు. చూడలేకపోతున్నారని నాకర్థమైంది.

పత్తికొండన్న గొంతుక్కూర్చుని ఒక వడియం తీసి వంచి చూశాడు. అది వంగింది.

"లేదు సార్. లోపల పచ్చి ఉండాది. ఇంకో ఎండ కావాల" అన్నాడు.

సారు చీర మూల వదిలేశారు. పత్తికొండన్న ఒక్కో వడియాన్నీ చిరగకుండా లేపి, తిరగేసి పెట్టాడు. నేను గాలికి జరిగిన రాళ్లు సరిచేశాను. మేము దిగి వచ్చేటప్పటికి ఎండ ఇంకా మిద్దె మీదే ఉంది.

ఈ ఏడు తాళం రోజున ఆమె లేరు. ఆమె రిటైరయ్యాక కూడా ప్రతి ఏడూ ఆ రోజు వచ్చి, వెనక కుర్చీలో కూర్చుని మమ్మల్ని ఆట పట్టించేవారు. పొద్దున్నే సారు ఒక స్టీలు డబ్బా పంపించారు. నేను దాన్ని కీబోర్డు పక్కన పెట్టుకుని అంకెలు చదివాను.

"పత్తికొండన్నా, ఇది నీదేనా?"

"నాదే" అన్నాడు, గోడలు అదిరేలా.

ఒక్కో కేంద్రాన్నీ ఎండబెట్టాను. ఆఖరిది పత్తికొండ. తర్వాత లారీ బాడుగను ఆకాశానికెత్తాను. అందరం తెర వైపు చూశాం. ఒక్క అంకె కూడా కదల్లేదు. చప్పట్లు కొట్టాల్సిన మనిషి లేకపోవడంతో ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. రేటును మళ్లీ మామూలుగా పెట్టాను. చెయ్యి తాళం గుర్తు మీద ఉంది కానీ నొక్కలేకపోయాను. నొక్కితే ఆమె లేకుండా ఒక ఏడాది మొదలైపోతుంది.

పత్తికొండన్న ముందుకొచ్చి డబ్బా మూత తీశాడు. ఒక వడియం తీసి, రెండు చేతులతో పట్టుకుని, అందరికీ కనపడేలా ఎత్తి వంచాడు.

టప్‌మని విరిగింది.

"ఎండింది పాపా" అన్నాడు. "ఇంక ఎయ్యి."

నేను తాళం వేశాను. ఆయన ఆ రెండు ముక్కలనూ నా కీబోర్డు పక్కన పెట్టాడు.